ఒక నంబరుకు ఒకరే

గుమాస్తా పాత్రుడు కంప్యూటర్లోని ఇళ్ల జాబితా షీటులో ఎంటర్ నొక్కినప్పుడల్లా గౌరీనగర్ కాలనీలో మూడు వందల పన్నెండు మందికీ ఇంటి నంబర్లు మారిపోయేవి. జనం మూటలు సర్దుకుని కొత్త ఇళ్లకు నడిచేవారు. ఎవరి వయసు దిద్దినా అంతే. మొదట్లో పాలవాడొక్కడే కాస్త విసుక్కున్నాడు. నంబర్లు వాటంతటవే పడతాయి, సిఫారసులు పనిచెయ్యవు, ఒకరికి పడ్డ నంబరు ఇంకొకరికి పడదు. ఇంత నిఖార్సయిన న్యాయం ఇంకెక్కడా లేదని పైఅధికారులు మెచ్చుకున్నారు కూడా.

చిక్కల్లా ఆ షీటులో మనిషికో వరుస, వరుసకో నంబరు ఉండటమే. సూరీడమ్మది ఒక వరుస, ఆమె భర్త అప్పన్నది ఒక వరుస. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన ఆ ఇద్దరికీ ఇక్కడ ఒకే ఇల్లు పడే వీల్లేదు. పక్షవాతంతో అప్పన్నకు చేతులు రెండూ పడిపోయాయి. ఆమె ముద్ద కలిపి పెడితే తప్ప తినలేడు. ఆమె అన్నం పట్టుకెళ్లేసరికి ఆ ఇంట్లో ఎవరో పరాయి మనిషి మూట విప్పుకుంటూ కనిపించేవాడు. నాలుగు పూటలు అలాగే గడిచేసరికి ఆమె ఆఫీసుకు వెళ్లింది.

“బాబూ, మా ఇద్దరికీ ఒకే నంబరు ఇప్పించండి. ఆ మడిసి తిని రెండ్రోజులైపోనాది.”

“అలా ఇస్తే షీటులో ఆ రెండు గళ్లూ తప్పని ఎర్రబడతాయమ్మా,” అన్నాడు పాత్రుడు. మంచివాడే, కుర్చీ కూడా చూపించాడు. “ఎర్ర గడి ఉన్న షీటు పైకి పంపకూడదు.”

“మరేటి దారి?”

“మీ ఇద్దరిలో ఒక్క పేరే ఉండాలి. ఎవరిది తీసెయ్యమంటారు?”

సూరీడమ్మ ఆలోచించనైనా లేదు. “నాదే తీసీండి బాబూ.”

పాత్రుడు ఆ వరుస తీసేసి ఎంటర్ నొక్కాడు. కాలనీ అంతా ఇళ్లు మారింది. జాబితాలో లేని మనిషికి నంబరు అక్కర్లేదు గనక సూరీడమ్మ భర్త వెంటే వెళ్లింది. ఆ మధ్యాహ్నం అతను కడుపునిండా తిన్నాడు. అతని మూతి తుడుస్తూ ఆమె సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ నెల నుంచి ఆ ఇంటికి ఒక మనిషి బియ్యమే వచ్చాయి. ఓటరు చీటీ కూడా ఒక్కటే వచ్చింది.

మర్నాడు ఆఫీసు ముందు యాభైమంది ఆడవాళ్లు నిలబడ్డారు. పాత్రుడు ఓపిగ్గా ఒక్కొక్క పేరే తీసేశాడు. సాయంత్రానికి షీటు చక్కగా పొట్టిదయింది. ఎవరి పేరు తీసెయ్యాలని అడగడం అతను మూడో ఆవిడ దగ్గరే మానేశాడు.