వోల్గా కింది నిమ్మకాయలు

కారన్నది కదలకూడదు! కదిలే కారంత దరిద్రం ఇంకోటి లేదు. నమ్మకపోతే సాయంత్రం పూట పటాన్‌చెరు చౌరస్తాలో నిలబడి చూడండి. కొత్త కార్లన్నీ లారీల వెనక పొగ తాగుతూ ఉంటాయి.

పటేల్‌గూడలో రిటైర్డ్ ఫోర్‌మన్ భీమశంకరంగారి వోల్గా కారుకు ఆ ఖర్మ పట్టలేదు. గేటు పక్కన రేకుల షెడ్డులో దర్జాగా ఉంటుంది. చలాన్ పడదు, పంక్చర్ కాదు, పెట్రోల్ అడగదు. ఇంత బుద్ధిమంతురాలైన బండిని మీరెక్కడైనా చూశారా?

పైగా దానికి చరిత్ర ఉంది! పుట్టింది రష్యాలోని గోర్కీలో. మంచుకూ బురదకూ తట్టుకోవాలని మందపాటి రేకుతో, ఎత్తుగా చేశారు. బానెట్ మీద ఎగిరే జింక. ముందు సీట్లు వాలిస్తే మంచమే. అక్కడ ట్యాక్సీగా తిరిగింది, పెద్ద పెద్ద అధికారులనూ మోసింది. ఇక్కడ భీమశంకరం పనిచేసిన ఫ్యాక్టరీకి వచ్చిన రష్యన్ ఇంజినీర్ల కోసం ఒకటి దిగింది. వాళ్లు వెళ్లిపోయాక వేలంలో భీమశంకరం పాలబడింది. ఈ కథ పాలవాడికి తెలుసు, కరెంటు మీటరు చూసేవాడికీ తెలుసు. ఆయన భార్య కౌసల్యమ్మ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

భర్తకు గుండె ఆపరేషన్ అయినప్పుడు కౌసల్యమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవానికి మొక్కుకుంది. మనిషి దక్కితే సొంత బండిలో ఇద్దరం వచ్చి ఒడిబియ్యం పోస్తామంది. మనిషి దక్కాడు. బండికే కార్బురేటర్ పోయింది.

"జీపుది ఏస్తే జల్దీ స్టార్టయితది సార్," అన్నాడు ఆటో కూడా నడిపే మెకానిక్ కరీముల్లా.

"రష్యాది తీసి జీపుది పెడితే ఇగ అది వోల్గా ఎట్లయితది?" అన్నాడు భీమశంకరం.

"మరి నా మొక్కు?" అంది కౌసల్యమ్మ.

"అమ్మవారు ఏడికి పోతది? జెర ఆగు, పార్టు రానియ్యి."

చూశారా! దేవత ఆగాలి, భార్య ఆగాలి, కార్బురేటర్ మాత్రం కల్తీ కాకూడదు. సంస్కారమంటే అదీ!

ప్రతి దసరాకూ వోల్గాను కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. లోకంలోని బండ్లన్నీ వాటిని తొక్కుకుంటూ ముందుకు పోతాయి. వోల్గా అహింసావాది. నిమ్మకాయలు అక్కడే ఎండి రాళ్లయిపోతే, ఊడ్చి పారేసేది కౌసల్యమ్మే.

ఈ దసరాకు పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు హైదరాబాద్ నుంచి వచ్చి సెల్ఫీలు దిగారు. భీమశంకరం గోర్కీ దగ్గర్నుంచి కథ మొదలుపెట్టాడు. కౌసల్యమ్మ ఒడిబియ్యం మూటతో బయటికి వచ్చింది. వంగి, పొద్దున పెట్టిన వోల్గా కింది నిమ్మకాయలు నాలుగూ ఏరింది. గేటు బయట ఆగిన కరీముల్లా ఆటో చక్రాల కింద మూడు పెట్టింది. మిగిలినదాన్ని తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"ఏందిది?" అన్నాడాయన.

"ఇద్దరం వస్తమని మొక్కిన. బండి కథ చెప్పుకుంట కూసున్నడు, రాలేదని ఆ తల్లికి నేనే చెప్పుకుంట."

ఆమె ఎక్కగానే ఆటో కదిలింది. నిమ్మకాయలు పచక్కున నలిగాయి. భీమశంకరం గేటు దాకా వచ్చాడు.

"సార్, ముందు సీటు నిజంగా మంచమవుతుందా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

అడిగినవాళ్లను నిరాశపరచడం మర్యాదా? వెనక్కి వెళ్లి సీటు వాల్చి చూపించాడు. ఆ సీట్లో కూర్చోవాలని ఇన్నేళ్లూ ఎదురుచూసిన మనిషి అప్పటికే సంగారెడ్డి రోడ్డెక్కింది.