రెండు రేవుల పల్లంరాజు

జూన్ నెల ఆఖరి రోజు పొద్దున్నే పల్లంరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాకినాడలో చద్దన్నం తిని పడవెక్కాలి. మధ్యాహ్నానికి యానాం చేరి చెల్లెలు లోవమ్మ చేతి చేపల పులుసుతో భోంచేయాలి. ఆమె మొగుడు బుల్లబ్బాయిని కచేరీకి పంపి తన నివాస పత్రం మీద ముద్ర వేయించుకోవాలి. చీకటి పడకముందే తిరుగు పడవ విప్పాలి. ఆరేళ్లుగా ఏటా ఇలాగే జరుగుతోంది కనుక ఏడోసారీ జరుగుతుందని అతను నమ్మాడు.

పల్లంరాజు పుట్టింది యానాంలో, అంటే ఫ్రెంచివారి గడ్డ మీద. కాపురం కాకినాడలో, అంటే ఇంగ్లీషువారి గడ్డ మీద. బతుకంతా ఆ రెంటికీ మధ్య నీళ్ల మీద. పులసల కాలంలో యానాం రేవులో చేప కొని ఆ పూటే కాకినాడ చేర్చడం అతని పని. నివాస పత్రం ఉన్నవాడి పడవను రేవులో సోదా లేకుండా వదిలేస్తారు. లేనివాడి పడవలోంచి బుట్ట తర్వాత బుట్ట దింపించి తీరిగ్గా చూస్తారు. ఆ చూడటం పూర్తయ్యేసరికి పులసను పిల్లి కూడా ముట్టుకోదు. అయితే ఊరు విడిచి బయట కాపురమున్నవాడు ఏటా జూన్ నెలాఖరులోగా కచేరీలో స్వయంగా కనిపించి, పుస్తకంలో గీత పెట్టాలి. ఒక్క రోజు దాటినా ఆ పత్రం పొట్లం కట్టుకోవడానికే పనికొస్తుంది.

ఆ "స్వయంగా" దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆరేళ్ల కిందట పల్లంరాజుకు జ్వరం తగిలి, రెండు రోజులు గడువు అడగమని పత్రం ఇచ్చి బుల్లబ్బాయిని పంపాడు. ఆ ఏడే కొత్తగా వచ్చిన గుమస్తా జగన్నాథరావు గారు పత్రం చూసి, తలెత్తి, "రండి పల్లంరాజు గారూ, కూర్చోండి" అన్నారు. బుల్లబ్బాయిని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ గారు అనలేదు, ఎవరూ కుర్చీ చూపించలేదు. అంత పెద్దమనిషి నోటి మాటను కాదనడం మర్యాద కాదని అతనికి తోచింది. కూర్చున్నాడు, కుశలం చెప్పాడు, గీత పెట్టి వచ్చాడు. మరుసటేడు ఆత్రేయపురం పూతరేకులు కూడా పట్టుకెళ్లాడు. ఆ తర్వాత పల్లంరాజు తానే వెళితే గుట్టు బయటపడుతుంది కనుక ఏటా బుల్లబ్బాయే పల్లంరాజు అవుతూ వచ్చాడు. నిజం చెప్పొద్దూ, పల్లంరాజుగా అసలువాడి కంటే అతనే బాగా రాణించాడు.

ఆ రోజు ఇంట్లో అడుగుపెడితే పులుసు వాసన లేదు. మంచం మీద బుల్లబ్బాయి ఎడమకాలికి వెదురుబద్దల కట్టుతో పడుకుని ఉన్నాడు. మూడు రోజుల కిందట పడవ బల్ల మీద కాలు జారి, మోకాలి కింద ఎముక విరిగిందట. కబురు పెట్టొచ్చు కదా అని పల్లంరాజు చెల్లెలి మీద విసుక్కున్నాడు.

"పొద్దున్నే పెట్టానన్నయ్యా. నీ పడవా, ఆ కబురు తెచ్చే పడవా దార్లో ఎదురుపడే ఉంటాయి" అంది లోవమ్మ.

కచేరీ మూసేందుకు ఇంకా రెండు గంటలుంది. పత్రం పోతే పులసల కాలం పోయినట్టే, పులసల కాలం పోతే పల్లంరాజుకు ఏడాది పోయినట్టే. వేరే దారి లేక తానే బయల్దేరాడు. తన పేరు తాను చెప్పుకోవడంలో తప్పేముందని దారి పొడుగునా మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

జగన్నాథరావు గారు పత్రాన్ని చూశారు, మనిషిని చూశారు. ఎవరు మీరన్నారు.

"పల్లంరాజునండి."

గుమస్తా గారి కనుబొమలు పైకి లేచాయి. బంట్రోతు మెల్లగా గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పల్లంరాజు వెంటనే మాట మార్చాడు.

"పల్లంరాజు గారి బావనండి. బుల్లబ్బాయి అంటారండి నన్ను" అన్నాడు.

తన పేరుకు తానే గారు తగిలించుకున్నవాడు యానాంలో అంతకుముందు ఉండి ఉండడు. పల్లంరాజు గారు కాలు విరిగి మంచాన పడ్డారనీ, ఈ ఒక్క ఏటికి దయచూడాలనీ బతిమాలాడు. తన కోసమే కనుక దీనత్వం దానంతటదే వచ్చింది. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే వచ్చింది. ఎందుకంటే జగన్నాథరావు గారు పుస్తకం చంకన పెట్టుకుని, ముద్ర పెట్టె బంట్రోతు చేతికిచ్చి, చెప్పులు తొడుక్కున్నారు. అంత మంచి మనిషి రాలేకపోతే కచేరీయే ఆయన దగ్గరికి వెళ్తుందన్నారు.

లోవమ్మ ఇంటి వీధిలో పల్లంరాజును ఎరగనివాడు లేడు. మొదటి అరుగు మీంచే ఎవరో, ఎప్పుడొచ్చావు పల్లంరాజూ అని కేకేశారు. పల్లంరాజు తల ఎత్తలేదు. గుమస్తా గారే జవాబిచ్చారు, పాపం ఆయన రాలేకపోయారనీ, కాలు విరిగిందనీ. అరుగు మీదివాళ్లు పల్లంరాజు కాళ్లు రెండూ లెక్కపెట్టి చూసి, ఈ విడ్డూరమేంటో తేల్చుకుందామని వెంటపడ్డారు. మూడో ఇంటి దగ్గర, చిన్నప్పుడు అతన్ని చంకనేసుకుని పెంచిన అప్పాయమ్మ అడ్డంగా వచ్చి రెండు చేతులతో అతని మొహం పట్టుకుంది.

"ఒరే పల్లం, నీ కాలిరిగిందంటన్నారేంట్రా?"

"పెద్దావిడండి. కనపడ్డ ప్రతివాడూ పల్లంరాజేనండి ఈవిడకి" అని అతను గుమస్తా గారి చెవిలో విన్నవించాడు.

జగన్నాథరావు గారు కళ్లు తుడుచుకున్నారు. ఒక మనిషి మీద ఊరు ఇంత ప్రాణం పెట్టుకోవడం తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదన్నారు. పెంచిన మనిషిని మతి లేనిదాన్ని చేసినందుకు పల్లంరాజుకు మాత్రం ప్రాణం చివుక్కుమంది.

ఇల్లు చేరేసరికి వెనక పదిహేను మంది తేలారు. లోవమ్మ తెలివైనది. గుమస్తా గారు "ఎలా ఉందమ్మా పల్లంరాజు గారికి?" అనగానే సంగతి పట్టేసి, వాకిట్లోని జనానికి కనుసైగ చేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి మంచం పక్కన కూలబడింది. అన్నయ్య పత్రం నిలబెట్టాలన్న ఆరాటంలో ఎక్కడ ఆగాలో చూసుకోలేదు.

"ఇంక ఈ జన్మకి ఆ కాలు తిన్నగా పడదంటన్నారండి. ఏటేటా తవరి దగ్గరికి ఎలా వస్తారో ఏంటో."

ఈ మాట తనకెవరూ చెప్పలేదే అని బుల్లబ్బాయి హడలిపోయి నిజంగానే బావురుమన్నాడు. ఆ ఏడుపుతో గుమస్తా గారు పూర్తిగా కరిగిపోయారు. కాలో చెయ్యో పోయినవాళ్లకు నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. ఏటా కనిపించనక్కర్లేని శాశ్వత పత్రం ఇవ్వొచ్చు. ఆయన అక్కడే పీట మీద కూర్చుని కొత్త పత్రం రాసి, మంచం మీది మనిషిని ఒకసారి పరీక్షగా చూసి మరో రెండు మాటలు చేర్చి, ముద్ర కొట్టేశారు. పల్లంరాజు గాల్లో తేలిపోయాడు. ఇక జూన్ నెల ఎప్పుడొచ్చినా, ఎప్పుడు పోయినా అతనికి ఒకటే.

వెళ్లేముందు జగన్నాథరావు గారు అతన్ని పక్కకు పిలిచి, బావగారి పేరు తనదని చెప్పుకోబోయినందుకు మందలించారు. పల్లంరాజు గారి మొహం చూసి వదిలేస్తున్నానన్నారు. ఇంకెప్పుడూ పల్లంరాజునని చెప్పుకోనని పల్లంరాజు ఒట్టేశాడు.

సాయంత్రం రేవులో బంట్రోతు కొత్తవాడు. అక్కడ నెలకొకణ్ని మారుస్తుంటారు. అతను పత్రం తీసుకుని పైకి చదివాడు. పేరు పల్లంరాజు, వయసు నలభై, చామనఛాయ, మీసం ఉంది. గుర్తు: ఎడమకాలు అవిటి, కుంటుతాడు. చదవడం అయ్యాక చూపు కిందికి దించాడు.

"ఏదీ, పడవ దాకా నడవండి చూద్దాం" అన్నాడు.

పడవ ఇరవై అడుగుల దూరంలో ఉంది. పల్లంరాజు ఒక్క క్షణం ఆలోచించి, ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచాడు.

దసరా నాటికి బుల్లబ్బాయి కాలు శుభ్రంగా అతుక్కుంది. ఆ నెలలోనే జగన్నాథరావు గారికి పుదుచ్చేరి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన గుమస్తాకు పల్లంరాజెవరో బుల్లబ్బాయెవరో తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. పత్రంలో ఉన్నట్టు మనిషి ఉంటే ఆయనకు చాలు. అందుచేత పల్లంరాజు ఆ ఏడంతా యానాం రేవులో కుంటాడు, కాకినాడ రేవులో తిన్నగా నడిచాడు. రెండో ఏడు కాకినాడలో దిగాక కూడా నాలుగడుగులు కుంటి, గుర్తొచ్చి సర్దుకునేవాడు. మూడో ఏడు సర్దుకుందామన్నా కాలు మాట వినలేదు. భార్య రామలక్ష్మి నెల్లాళ్లు తైలం మర్దనా చేసి, చివరికి ఎముకలు కట్టే వైద్యుణ్ని పిలిపించింది. ఆయన ఆ కాలిని పట్టి పట్టి చూసి, ఇది ఎప్పుడు విరిగిందని అడిగాడు.

పత్రంలో ఇప్పుడు తప్పేమీ లేదు.