ఓవెన్‌లో సగ్గుబియ్యం వడియాలు

టోవా పాయో పేటలో మూడు రోజులుగా ముసురు. శుక్రవారం ఉదయం విశ్వనాథం చెయ్యాల్సింది ఒక్కటే: తన ప్లాస్టిక్ ముక్క ఎంత వేడికీ చెడదని జురాంగ్ ఐలాండ్ ప్లాస్టిక్ కంపెనీవాళ్లకు చూపించడం. వాళ్లకు నచ్చితే రీసెర్చ్ సెంటర్‌లో ఆయన కాంట్రాక్టు పొడిగిస్తారు. లేదంటే నెలాఖరుకి పెట్టె సర్దుకుని స్వదేశం పోవాలి.

"ఏవండీ, సగ్గుబియ్యం వడియాలు పులిసిపోయేలా ఉన్నాయి. మీ ల్యాబ్ ఓవెన్‌లో కాసేపు పెట్టండి," అంది భార్య ప్రభావతి.

"అది పరిశోధనకి."

"మూడేళ్లు చేశారుగా పరిశోధన! ఒక్కరోజు దాన్నీ పనికొచ్చే పని చెయ్యనివ్వండి. మా తమ్ముడు ఉదయ్‌కిరణ్‌ని చూడండి, నాలుగు నెలలు జావా కోడింగ్ నేర్చుకుని ఫ్లాట్ కొనేశాడు."

విశ్వనాథం వడియాలను వాటి కింద పరిచిన వినైల్ షీటుతో సహా ట్రేలో పట్టుకెళ్లాడు. ఓవెన్‌ని అరవై డిగ్రీల దగ్గర పెట్టి మీటింగుకి పరిగెత్తాడు.

టెక్నీషియన్ కేశవ్ పక్కదేశపు జొహోర్‌లో పుట్టిన తెలుగువాడు, మంచివాడు. మంచివాడు కాబట్టే ట్రేని చూసి ఇదీ డెమోలో భాగమేననుకున్నాడు. డెమో ముక్కను కూడా పక్కనే పెట్టి, వేడిని నూట ఎనభైకి పెంచి టిఫినుకి వెళ్లాడు.

మీటింగులో విశ్వనాథం వివరిస్తున్నాడు. "వేడికి పీవీసీలోంచి, అంటే వినైల్‌లోంచి, ఒక క్లోరిన్ ఊడిపోతుంది. అదే ఫ్రీ రాడికల్. అది ఒంటరిగా ఉండలేదు, పక్కనున్న హైడ్రోజన్‌ని లాక్కుపోతుంది. రెండూ కలిసి యాసిడ్ పొగవుతాయి. ఆ పొగ మిగతావాటినీ ఊడగొడుతుంది."

"సాఫ్ట్‌వేర్‌కి పోతున్న మా ఇంజినీర్లలాగా," అన్నాడు కంపెనీ మేనేజర్. అందరూ నవ్వారు.

"నేను ప్లాస్టిక్‌లో కలిపిన మందు ఆ మొదటివాణ్ణే పట్టుకుని ఆపేస్తుంది," అన్నాడు విశ్వనాథం.

అలారం మోగింది.

బిల్డింగంతా వానలో కార్ పార్కింగులో నిలబడింది. ముక్కులు మండించే పొగ పోయేదాకా మాస్కులవాళ్లు ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

"అన్నా, సారీ! మీ శాంపిల్ అనుకుని నూట ఎనభై పెట్టేశా," అన్నాడు కేశవ్.

"అవి మా ఆవిడ వడియాలయ్యా!"

"ఐయో! బాస్‌కి చెప్పొద్దు లా. ల్యాబ్‌లో మకాన్, అదే తిండి, పెడితే ఇద్దరినీ పంపించేస్తారు," అన్నాడు కేశవ్ తన జొహోర్ యాసలో.

రీసెర్చ్ సెంటర్ డైరెక్టర్ లిమ్ ట్రే బయటికి తీయించాడు. వినైల్ షీటు తారులా నల్లబడి ఉంది. దానికి అంటుకుని మాడిన ఉండలు. పక్కన విశ్వనాథం ముక్క మాత్రం పాలలా తెల్లగా మెరుస్తోంది.

"ఏమిటివి?" ఉండలు చూపించి అడిగాడు లిమ్.

"స్టార్చ్, సర్," అంది విశ్వనాథం నోరు. "ప్లాస్టిక్‌లో కలిపి చూస్తున్నాను."

మేనేజర్ కళ్లు పెద్దవయ్యాయి. "స్టార్చా? అంటే మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కా? మా కస్టమర్లు అడుగుతున్నది అదే!"

"సర్, ముందు ఈ తెల్లముక్క చూడండి. ఇంత వేడికీ..."

"అది తర్వాత," అన్నాడు లిమ్. ఆ తెల్లముక్కతోనే ఒక వడియాన్ని గీకి తీసి మేనేజర్ చేతిలో పెట్టాడు.

సాయంత్రం లిమ్ విశ్వనాథాన్ని పిలిచాడు. "కంగ్రాచ్యులేషన్స్! స్టార్చ్ ప్రాజెక్టుకి కంపెనీవాళ్లు ఐదేళ్ల నిధులు ఇచ్చారు."

"థాంక్యూ సర్. మరి నా కాంట్రాక్టు?"

"స్టార్చ్ అంటే తిండి సంగతి కదా, ఫుడ్ సైన్స్ మనిషిని తీసుకుంటున్నాం. మీరు పీవీసీ మనిషి. పీవీసీకి ఇక ఎవరూ పైసా ఇవ్వరు." లిమ్ ఆప్యాయంగా చెయ్యి కలిపాడు. "వెళ్లేలోపు ఆ స్టార్చ్ తయారుచేసే పద్ధతి మాత్రం రాసిచ్చి వెళ్లండి."

విశ్వనాథం కాగితం ముందేసుకుని, జీలకర్ర సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు.