లబ్ధిదారు ఒక్కరే

కోడలు ముందుగది ఊడుస్తూ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి, మామగారు పేపరు మీది నుంచి కళ్ళు తిప్పకుండానే రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తారు. చీపురు అటూ ఇటూ తిరిగాక మళ్ళీ దించారు. పోస్టుమాస్టరుగా రిటైరయ్యాక రోజు మొత్తంలో ఆయన చేసే వ్యాయామం అదొక్కటే.

ఆ గది ఉదయం తొమ్మిదింటి దాకా ఇల్లు, ఆ తరువాత ఆఫీసు. ఒక బల్ల, ఒక బీరువా, గోడకి ఏటి ఒడ్డు పల్లెల పటం, మూలన ఆరు లైఫ్ జాకెట్లు. వరదొస్తే నలభై పల్లెల జనాన్ని ఒడ్డుకు చేర్చే చిన్న సంస్థ అది. కోడలు దానికి కార్యదర్శి. సంస్థకి ఉన్నది ఒకే పడవ. దాని అడుగున తారు పూయని చోటు వెతికితేగానీ కనబడదు. గడప గడపకీ డబ్బా పట్టుకుని తిరిగితే వచ్చేది ఆ తారుకే సరిపోతోంది. వానలకి ఇంకా మూడు నెలలుంది. ఈలోగా రెండు కొత్త పడవలు రావాలంటే పెద్ద దాత సంస్థని అడగాలి. అడగడం ఎలాగో మాత్రం ఎవరికీ తెలియదు.

అది నేర్చుకోవడానికే కోడలు మూడు రోజుల శిక్షణకి వెళ్ళి వచ్చింది. అక్కడి మాస్టారు చివరి రోజు అందరికీ తలా ఒక ఖాళీ ఫారం ఇచ్చి, "ముందు మీ ఇంట్లో సమస్య ఒకటి తీసుకుని ఇదంతా నింపండి. ఇంటి సమస్య రాయలేనివాళ్ళు ఊరి సమస్య ఏం రాస్తారు? నాకు పోస్టు చేయండి, దిద్ది పంపిస్తాను" అన్నాడు.

కోడలికి ఇంట్లో సమస్య కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. అది కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది.

పడవల దరఖాస్తు రాయడానికి ఆమెకి వారం పట్టింది. ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయపడుతూ, పెద్ద సంస్థల నివేదికల్లోంచి గట్టి గట్టి మాటలు ఏరి తెచ్చి పేర్చింది. అయినా తొమ్మిది పేజీలు దాటలేదు. మామగారి మీద రాసింది మాత్రం ఒక్క మధ్యాహ్నంలో పద్నాలుగు పేజీలైంది. అదనపు కాగితాలు కుట్టవలసి వచ్చింది.

ఊడ్చిన చీపురు మూలన పెట్టి, ఆమె రెండు కవర్లూ తెచ్చి మామగారి ముందు పెట్టింది.

"మామయ్యా, ఒకటి దాత సంస్థకి, ఇంకోటి మా మాస్టారికి. అడ్రసులు ఈ చీటీలో ఉన్నాయి. మీ చేత్తో రాసి అంటించరూ?"

"నీ రాత నువ్వే చదువుకోలేవు. ఇటు తే. ఏది ఎవరికి?"

అంతలో వంటింట్లో పాలు పొంగాయి. "వస్తున్నా, వస్తున్నా!" అంటూ కోడలు పరుగెత్తింది. ఆ జవాబు పాలకే గానీ మామగారికి కాదు.

కవరు తెరిచి చూస్తే తేలిపోయేది. కానీ ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన పరాయి కవరులోకి తొంగిచూసిన పాపాన పోలేదు. రెంటినీ చెరో అరచేతిలో పెట్టుకుని తూచారు. పెద్ద ఆఫీసుకి పెద్ద కవరు. ఇది తపాలా శాఖ రూలు కాదు, ఆయన అనుభవం. గుండ్రటి అక్షరాలతో చిరునామాలు రాసి, అంచులు మూడేసిసార్లు నొక్కి అంటించారు. పాత పెద్దసారు మీద గౌరవం కొద్దీ గుమ్మం దాకా వచ్చే పోస్టుమాన్ వాటిని పదింటికి పట్టుకుపోయాడు.

మూడు వారాలకి దాత సంస్థ నుంచి ఫోను వచ్చింది.

"మీ దరఖాస్తు మా కమిటీలో అందరూ చేతులు మార్చుకుని మరీ చదివారండీ," అంది అవతలి ఆఫీసరమ్మ. "ఎల్లుండి నేనే స్వయంగా చూడ్డానికి వస్తున్నా."

కోడలికి కాళ్ళు నేలమీద ఆనలేదు. "తప్పకుండా రండి మేడమ్. పల్లెలన్నీ తిప్పి చూపిస్తాను."

"పల్లెలెందుకండీ? ఇంటి దగ్గరే చూస్తా. కనీసం గేటు దాకా కదిలే అవకాశం ఉందా?"

పడవని అడుగుతోంది కాబోలు అనుకుంది కోడలు. "నలుగురు మోస్తే కదులుతుందండీ."

"అంతదాకా వచ్చిందా?"

"అడుగంతా పోయింది మేడమ్. ఎన్నాళ్ళని తారు పూస్తూ కూర్చుంటాం?"

"తారా!" అంది ఆఫీసరమ్మ. "ఎల్లుండి కాదు, రేపే బయల్దేరుతున్నా."

మర్నాడు పొద్దున్నే పడవ నడిపే సరంగు ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని పడవని మోసుకొచ్చాడు. గేట్లోకి సగం వచ్చాక అది ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

"గేటు కొలవలేదా?" అంది కోడలు.

"పడవని కొలిచానమ్మా," అన్నాడు సరంగు. "గేటుని కొలవమని మీరు చెప్పలేదు."

వాదన తేలేలోగా ఆఫీసరమ్మ కారు దిగింది. దారి లేక పడవలోకి ఎక్కి, రెండడుగులు నడిచి, ఇవతల దిగింది. దిగీ దిగగానే తిన్నగా ముందుగదిలోకి వెళ్ళి, కుర్చీలో నిక్షేపంగా ఉన్న మామగారిని చూసి ఊపిరి పీల్చుకుంది.

"పెద్దాయనా, భయపడకండి. మీకెవరైనా తారు పూశారా?"

"నాకెందుకమ్మా పూస్తారు?" అన్నారు మామగారు తెల్లబోయి.

"ఆయన ఒంటికి సబ్బు తగిలించడమే గగనం, మళ్ళీ తారొకటా!" అన్నారు అత్తగారు టీ గ్లాసుతో వస్తూ.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర పోస్టుమాన్ పడవ మీదుగా ఒక కవరు కోడలి చేతికందించాడు. శిక్షణ మాస్టారి దగ్గర నుంచి. లోపల ఎర్రసిరాతో ఇలా ఉంది: "అమ్మా, ఇంటి సమస్య రాయమంటే పడవ గురించి రాశావు. మీ ఇంట్లో పడవుందా? పైగా తొమ్మిది పేజీలు గాలించినా ఒక్క మనిషీ కనబడలేదు."

ఏ కవరు ఎక్కడికి పోయిందో కోడలికి అప్పుడు అర్థమైంది. లోపలికి ఒక్క పరుగు తీసింది. అప్పటికే ఆఫీసరమ్మ ఫైలు తెరిచి చదువుతోంది.

"'లబ్ధిదారు: ఒక్కరే. గత రెండేళ్ళ ఐదు నెలల్లో గేటు దాటిన రోజులు: సున్నా. కొన్న బూట్లు: ఒక జత, పెట్టెలోంచి ఇంకా తీయలేదు. రిస్కులు: అడక్కముందే కుర్చీ దగ్గరికి టీ తెచ్చే అత్తగారు.'"

"నేనా?" అన్నారు అత్తగారు. "ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసి నేను రిస్కునయ్యానా?"

"ప్రధాన రిస్కు అని రాశారండీ," అని ఆఫీసరమ్మ సవరించి పేజీ తిప్పింది.

"మేడమ్, అది చదవకండి," అంది కోడలు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"'మూల కారణం: మోకాళ్ళు కాదు. రిటైరైన మూడో వారం ఆయన ఉత్తరం వేయడానికి తన పాత ఆఫీసుకే వెళ్ళారు. కిటికీ వెనక కొత్త గుమస్తా, ఎవరండీ మీరు, లైన్లో నిలబడండి అన్నాడు. ఆయన ఉత్తరం వేయకుండానే తిరిగొచ్చారు. మళ్ళీ గేటు దాటలేదు.'"

మామగారి చేతిలోంచి పేపరు జారింది.

"ఎవరికీ చెప్పలేదే," అన్నారాయన మెల్లగా. "నీకెలా తెలిసింది?"

"ఆ గుమస్తా వెనకే ఉత్తరాలు సర్దుతున్న మన పోస్టుమాన్ చెప్పాడు మామయ్యా. పైగా, ఆ చొక్కా ఉతికింది నేనే కదా. ఉత్తరం జేబులోనే ఉంది. తీసి బీరువాలో దాచాను."

ఇక దాచి లాభం లేదని కోడలు ఉన్నదంతా చెప్పేసింది. అది అభ్యాసమనీ, కవర్లు తారుమారయ్యాయనీ. మాస్టారు తిప్పి పంపిన అసలు దరఖాస్తు ఆఫీసరమ్మ చేతిలో పెట్టింది. 'సమగ్ర సుస్థిర సమీకృత' దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఆవలించింది.

"చూడండమ్మా," అంది ఫైలు మూసి. "పెద్దవాళ్ళని వాకింగుకి పంపడానికి మేం నిధులివ్వం. ఈ తొమ్మిది పేజీలకీ ఇవ్వం. ఇలాంటివి నా బల్ల మీద రెండొందలున్నాయి. కానీ ఒక్క మనిషిని ఇంత దగ్గరగా చూసినావిడ నలభై పల్లెల్ని చూడలేదంటే నమ్మను. ఆ పద్నాలుగు పేజీలు రాసిన చేత్తో ఇది రాయండి. గడువు ఈ రోజే."

"రాసి మీకే ఇచ్చేయనా?"

"నా చేతికిస్తే చెల్లదు. పోస్టులోనే రావాలి, ఈ రోజు ముద్రతో." ఆఫీసరమ్మ మళ్ళీ పడవెక్కి, రెండడుగులు నడిచి, అవతల దిగి వెళ్ళిపోయింది.

కోడలు బల్ల ముందు కూర్చుంది. సరంగు గడప మీద కూర్చుని చెబుతూ పోయాడు. మేక లేకుండా పడవెక్కనని మొండికేసిన ముసలమ్మ. కప్పు మీద రాత్రంతా చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డ తండ్రి. పదకొండు ట్రిప్పులు తిరిగాక పన్నెండో దానికి పడవ లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే ఎత్తుకి వస్తే, అవతలి ఒడ్డున ఇంకా ఏడుగురు ఎదురుచూస్తుండగా ఆగిపోయిన సంగతి. కోడలు ఈసారి ఏ మాటా ఎక్కడి నుంచీ ఏరి తెచ్చుకోలేదు. మామగారు పేపరు అడ్డం పెట్టుకుని వింటూనే ఉన్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

నాలుగుంబావుకి పని పూర్తయింది. పోస్టాఫీసు ఐదింటికి మూస్తారు. కాగితాలు కవరులో పెట్టి, పాత కవర్లూ ఫైళ్ళూ పడున్న బల్ల మీదే ఉంచి, "చీర మార్చుకుని పరుగెత్తుతా" అంటూ కోడలు లోపలికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి కవరు లేదు. అత్తగారు టీ గ్లాసుతో ఖాళీ కుర్చీ ముందు నిలబడి ఉన్నారు. కుర్చీ పక్కన బూట్ల పెట్టె మూత తెరిచి ఉంది.

కిటికీలోంచి చూస్తే, మామగారు మెరిసే కొత్త బూట్లతో, సరంగు భుజం పట్టుకుని పడవలోకి ఎక్కి, రెండడుగులు నడిచి, అవతల దిగుతున్నారు. చేతిలో కవరుంది, దాని మీద రెండేళ్ళ నాటి నలిగిన ఉత్తరం ఉంది. తిన్నగా నడిచి వీధి మలుపు తిరిగారు.

అంటించే ముందు మాత్రం, ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగ ధర్మాన్ని కాస్త పక్కనపెట్టి, కవరు లోపల ఏముందో ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు.