సారమ్మ చేనులో గామా కిరణాలు

సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో చిన్న మంగళారం ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. నా నాయకత్వంలో చేవెళ్ల దాకా బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. ఒక హెలికాప్టర్ కూడా ఆగింది. అది దానంతటదే చెడి, వణుకుతూ దిగిందని గిట్టనివాళ్లు అంటారు.

దిగింది ఊరి బయట క్రైస్తవుల వాడలో ఉండే సారమ్మ జొన్నచేనులో. హైదరాబాదు నుంచి రామచంద్రయ్య అనే ఇంజనీరు సీసపు పెట్టెతో వచ్చాడు. అందులో శనగగింజంత రేడియోధార్మిక పదార్థం. చుట్టూ తాడు కట్టి, అందర్నీ దూరం పంపి, దాన్ని రెక్కకు ఒక పక్క, ఫిల్మును మరో పక్క పెట్టాడు. కిరణాలు లోహంలోంచి దూసుకెళ్లి, కంటికి కనబడని పగులును ఫిల్ము మీద నల్లగీతగా చూపించాయి. పైలట్ ఆ గీతకు దండం పెట్టుకున్నాడు. పదార్థం తిరిగి పెట్టెలోకి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే పోలీసులు నన్ను పట్టుకోవడానికి మొయినాబాద్ నుంచి వచ్చారు. నేను వీరోచితంగా పరుగెత్తి తాడు లోపల దూరాను.

"ఆగుండ్రి! లోపలికొస్తే బొక్కలు కరుగుతయి!" అని గర్జించాను.

"పెట్టె మూసినం. ఇగ ఫికర్ లేదు, గొడ్లను గూడ మేపుకోవచ్చు," అన్నాడు ఇంజనీరు.

ఆయన మాట ఎవరు వింటారు? విషయం తెలిసినవాడు. పోలీసులు లాఠీలతో, ఎముకలతో సహా వెనుదిరిగారు. ఉద్యమ చరిత్రలో అదొక మహత్తర ఘట్టమని ఆ సాయంత్రం నేనే ప్రసంగించాను.

కొత్త రెక్కతో హెలికాప్టర్ ఎగిరిపోయింది. తాడు మాత్రం ఉంచాం, పోలీసులు మళ్లీ వస్తే కావాలిగా. జొన్న కోతకొచ్చింది. కూలీలు ఆ చేనులో అడుగు పెట్టేది లేదన్నారు. సారమ్మకు ఏడాది తిండి అదే.

"బొక్కలు కరుగుతయన్నది నువ్వే గద పటేలా. ఉత్తదే అని జర నువ్వే చెప్పు," అని అడిగింది.

చెబితే పదవి పోతుంది. పైగా అన్ని ప్రసంగాలు చేసేసరికి నాకే భయం పట్టుకుంది. అందుకని ఆమెకు సానుభూతి తెలుపుతూ ఏకగ్రీవంగా తీర్మానించాం. పిట్టలు మాత్రం తీర్మానం కోసం ఆగలేదు.

మిగిలిన కంకుల్ని ఆమె ఒక్కతే కోసుకుంది. గిర్నీవాడు ఆ జొన్నలు పిండి పట్టనన్నాడు. ఇంట్లోనే విసురుకుని, రొట్టెలు చేసి, నిండు సభలోకి తెచ్చింది.

"నేను తింటున్న, సూడుండ్రి. మీరు గూడ తలా ఇంత తుంచుకోండ్రి. అప్పుడన్న ఊరు నమ్ముతది."

ఎవరూ చెయ్యి చాపలేదు.

"కిరణాలు తగిలిన జొన్న సారమ్మా, ఎట్ల తింటం?" అన్నాను, శాస్త్రీయంగా.

"కిరణాలు రాకముందు నా రొట్టె ఎన్నడు తిన్నరు పటేలా?"

అధ్యక్షుడిగా జవాబు చెప్పవలసింది నేనే. సభను వాయిదా వేశాను.