బాతమ్మ విదేశీ యోగం

ఒక పెద్ద అడవిలో పొలిమేర దాటాలంటే కాళ్ళో రెక్కలో ఉంటే చాలదు, జాతకంలో విదేశీ యోగం ఉండాలి. ఆ రూలు పెట్టింది సింహరాజు. చలికాలంలో మంచుకొండల అవతలి నుంచి వచ్చే బాతుల వల్ల ఆ అడవికి బోలెడంత పేరు. ఎండలు ముదరగానే అవి వెళ్ళిపోవడం ఆయనకు చిన్నతనంగా ఉండేది. యోగం లేకుండా ఎగిరినవాళ్ళను వచ్చే ఏడు చెరువులో దిగనివ్వనని చాటింపు వేయించాడు.

ఆ వలస బాతుల్లో వరాలు ఒకటి. మరో నెలలో గుడ్లు పెట్టాలి. ఇక్కడి ఎండకు గుడ్లు పిల్లలవవు, ఉడుకుతాయి. పొద్దున్నే వెళ్ళి ఆస్థాన జ్యోతిష్కుడైన ఉడుము సిద్ధాంతి పుట్ట ముందు నిలబడింది.

పుట్టిన వేళ చెప్పమన్నాడు సిద్ధాంతి. గుడ్డు పెట్టిన వేళ కావాలా, పగిలిన వేళ కావాలా అంది వరాలు. తనూ గుడ్డులోంచి వచ్చినవాడే అయినా ఆ సందేహం ఆయనకెప్పుడూ తట్టలేదు. తెలియదనడం అలవాటు లేదు కాబట్టి రెండు వేళలకూ జాతక చక్రాలు వేశాడు.

గుడ్డు పగిలిన వేళకు నాలుగో ఇంట్లో గురువు ఉన్నాడు. సొంతింటి బలమే తప్ప విదేశీ యోగం లేదు, కదలడానికి వీల్లేదన్నాడు. నా సొంతిల్లు కొండల అవతలే కదా అని వరాలు మొత్తుకుంది. రూలు రూలేనన్నాడు.

గుడ్డు పెట్టిన వేళకు పన్నెండో ఇంట్లో రాహువు. విదేశవాసం రాసిపెట్టి ఉందనగానే వరాలుకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు పుట్టిందెక్కడ తల్లీ?"

"కొండల అవతల, సిద్ధాంతిగారూ."

"అయితే నీకు విదేశం ఇదే. ఇక్కడే ఉండాలి."

మిగతా బాతులకూ ఇదే వరస. ఐదొందల బాతులూ ఉండిపోయాయి. ఉన్నవి ఊరుకుంటాయా? తాగినంత తాగి, మిగిలింది బురద చేశాయి. ఇరవై రోజుల్లో చెరువు నెర్రెలిచ్చింది.

సింహరాజుకూ నాలుక పిడచకట్టింది. పక్క అడవిలో ఏరుందని విని, తన జాతకం పట్టుకుని పుట్ట దగ్గరికి వచ్చాడు. కలకాలం తన గుహ వదలడని అందులో రాసింది సిద్ధాంతే. సిద్ధాంతి ఓసారి జాతకం వంక చూశాడు, రాజుగారి పంజా వంక చూశాడు.

"గ్రహాలు అప్పుడప్పుడూ సర్దుకుంటాయి ప్రభూ," అంటూ తోకతో రాహువును పన్నెండో ఇంట్లోకి నెట్టాడు. సింహరాజు పొలిమేర దాటాడు.

మళ్ళీ అడగాలని వచ్చి పక్కనే ఉన్న వరాలు తన గ్రహాల్నీ కాస్త సర్దమంది.

"శాస్త్రం ఒప్పుకోదు తల్లీ," అన్నాడు సిద్ధాంతి.

వరాలుకు ఒళ్ళు మండింది. వచ్చే ఏడు దిగనివ్వననడానికి ఇక ఆ చెరువూ లేదు, ఆ రాజూ లేడు. ఎవరి అనుమతీ అడక్కుండా పైకి ఎగిరింది. వెనకే మందంతా లేచింది.

నీతి: పంజా ఉన్నవాడు జాతకం మార్పించుకుంటాడు, రెక్కలున్నవాళ్ళు అది చూపించుకోకపోవడమే మేలు.