రెండో ప్రాసెసర్ పోస్టు

ఏరు ఎవరికీ చెప్పకుండా ఇంట్లోకి వచ్చి, చాప మీద పడుకున్న పాపను తాకుతుందేమోనన్నదే ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం. పాపకు జలుబు చేస్తుందేమో, పాలు విరుగుతాయేమో, ఇంటి ఓనరమ్మ గది ఖాళీ చేయమంటుందేమో లాంటివన్నీ దాని తర్వాతే. వాళ్లది ఏటి గట్టుకు దిగువన, కింది వాటాలో ఒక్క గది. అయినా ఇన్నాళ్లూ కంటినిండా నిద్ర పట్టిందంటే, వంతెన పక్క గదిలో దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటర్ చలవే. ఏట్లో నీళ్లు ఎర్రగీత దాటగానే అది సైరన్ మోగించేది. ఆమె పాపను చంకనేసుకుని మేడ మీదికి పరిగెత్తేది. ఆ కంప్యూటర్‌కు అంతకుమించి ఏమీ చేతకాదు.

ఇలా ఉండగా, ప్రజల పాలిట పెన్నిధి అయిన వరదల మంత్రిగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"వరద బయల్దేరక ముందే, వరదకు కూడా తెలియకుండా, దాన్ని పసిగట్టే రెండు ప్రాసెసర్ల మహా వర్క్‌స్టేషన్‌ను నిర్మిస్తున్నాం. అదీ పొదుపుగా!"

ఆమె మంత్రిగారి ఆఫీసులో టీలు అందిస్తుంది. ఆమె భర్త అక్కడే కంప్యూటర్ మెకానిక్. కాబట్టి ఆ చరిత్రంతా టీ కప్పుల సాక్షిగా ఆమె కళ్లముందే జరిగింది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన ఆమెకు ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియదు. మంత్రిగారికీ తెలియదు గానీ, ఆయన దానికి జంకలేదు.

"రెండెందుకు సార్? బడ్జెట్ చూస్తే..." అని చీఫ్ ఇంజనీరు నసిగాడు.

"పార్టీలో రెండు వర్గాలున్నాయా లేదా? ఒక్కటే పెడితే రెండో వర్గం అలగదూ?"

"ఆహా! ఏం దూరదృష్టి సార్!"

"ముందు పెట్టె కొనండి. జనానికి కనబడేది పెట్టే కదా."

"అద్దాల పెట్టె చూశాం సార్. దాదాపు మీ అంత ఎత్తు."

"నాకంటే జానెడు తగ్గించండి."

పెట్టె వచ్చింది. దానికి పార్టీ రంగుల్లో లైట్లు వచ్చాయి. ప్రారంభోత్సవానికి వేదిక, షామియానా, మైకులు వచ్చాయి. ఆ తర్వాత చూసుకుంటే బడ్జెట్‌లో ఒక్క ప్రాసెసర్‌కే మిగిలింది. పొదుపంటే ఇదీ అని అందరూ మెచ్చుకున్నారు.

"సార్, రెండో ప్రాసెసర్ కూర్చోవాల్సిన సాకెట్ ఖాళీగా ఉంది" అన్నాడు చీఫ్ ఇంజనీరు.

"పోస్టు ఖాళీ ఉంటే ఏం చేస్తామయ్యా మనం? మొదటిదానికే అదనపు బాధ్యతలు అప్పగించండి."

ఉత్తర్వు టైపయింది. మెకానిక్ దాన్ని అద్దానికి అంటించాడు. మొదటి ప్రాసెసర్‌లో ఏ చలనమూ లేదు.

"ఏమయ్యా, ఇంకా చార్జి తీసుకోలేదేం?"

"ఉత్తర్వు చదువుకున్నట్టు లేదు సార్" అన్నాడు మెకానిక్ వినయంగా. "దానికి మెమరీ కావాలండీ."

"వంతెన దగ్గర పాతదానికి ఉందిగా! అది పీకి దీనికి పెట్టు."

ఆమె టీ ట్రే బల్ల మీద పెట్టేసింది. ఎప్పుడూ నోరెత్తని మనిషి ఉండబట్టలేక అనేసింది: "అయ్యగారూ, మరి ఈలోగా నీళ్లొస్తేనో?"

"చూశారా, ప్రజల్లో ఎంత ఉత్సాహమో!" అని మంత్రిగారు మురిసిపోయారు.

పాతదాన్ని ఊరికే పీకేయడం మర్యాద కాదని, దానికి పదవీ విరమణ సభ పెట్టారు. దాని నిరాడంబర జీవితాన్ని కొనియాడి, మెమరీ ఊడదీసుకుని, గోడౌన్‌కు సాగనంపారు. తీరా చూస్తే పాత మెమరీ కొత్తదాని గాట్లలో పట్టలేదు. పోనీ పాతదాన్నే వెనక్కి తెద్దామంటే, విరమణ చేసినవాళ్లను మళ్లీ కొలువులోకి తీసుకోవడం రూల్స్‌కు విరుద్ధం. చివరికి మెమరీని బయటికి కనబడేలా అద్దానికి లోపలివైపు టేపుతో అతికించారు.

ఆ పూట ఇంటికెళ్లగానే ఆమె భర్తను నిలదీసింది. "ఏవండీ, ఇక సైరన్ ఎవరు మోగిస్తారు?"

"కొత్తది."

"అది పనిచేస్తుందా?"

"లైట్లు వెలుగుతాయే."

ప్రారంభోత్సవం రోజు ముసురు పట్టింది. మంత్రిగారు మీట నొక్కారు. లైట్లు ధగధగలాడాయి. చప్పట్లు ఆగాక, గిట్టనివాడెవడో ఒక విలేఖరి అడిగాడు: "ఏట్లో నీళ్లు ఎంతవరకొచ్చాయంటోంది సార్? తెర నల్లగా ఉందే!"

"నలుపంటే క్షేమం."

"ఎరుపు రాలేదుగా" అని చీఫ్ ఇంజనీరు వత్తాసు పలికాడు.

"మరి రెండో సాకెట్ ఖాళీగా ఉందేం సార్?"

మంత్రిగారు నాయకుడంటే ఏమిటో చూపించారు. "నిరుద్యోగం ఇంతున్న చోట పోస్టు ఖాళీగా ఉంచుతామా? ఇప్పుడే భర్తీ చేస్తున్నాం!" అంటూ చుట్టూ చూశారు. దగ్గర్లో స్క్రూడ్రైవర్‌తో నిలబడ్డది మెకానిక్ ఒక్కడే.

ఆ విధంగా ఆమె భర్త రెండో ప్రాసెసర్‌గా నియమితుడయ్యాడు. పని తేలికే. గొడుగేసుకుని వంతెన మీద నిలబడి నీళ్లు చూస్తుండాలి. గీత దాటితే చీఫ్ ఇంజనీరుకు ఫోన్ చేయాలి. ఆయన మంత్రిగారిని అడుగుతాడు. మంత్రిగారు సరేనంటే సైరన్ మోగుతుంది. ప్రాసెసర్లకు సెలవులూ ఉండవు, భోజన విరామమూ ఉండదు.

మర్నాడు ఆమె పాపనెత్తుకుని అన్నం క్యారేజీతో వంతెన దగ్గరికెళ్లింది. గార్డు అడ్డం నిలబడ్డాడు.

"యంత్రం దగ్గరికి బయటివాళ్లను రానివ్వకూడదమ్మా."

"బయటిదాన్నేంటన్నా? ఆయన మా ఆయన!"

"నిన్నటిదాకా మీ ఆయనే, కాదనను. ఇప్పుడు విడిభాగం."

కొత్త వర్క్‌స్టేషన్ తొలిరోజే అద్భుతంగా పనిచేస్తోందని, వానలో తడిసినా చెక్కుచెదరలేదని పేపర్లు రాశాయి. మిగతా ఊళ్లకూ ఇలాంటివే ఇస్తామని మంత్రిగారు ప్రకటించారు. మనుషులకు కొదవ లేదు కాబట్టి బడ్జెట్ సమస్యే రాదట.

ఇప్పుడు వాన ఇంకా పెద్దదైంది. ఆమె పాపను ఒళ్లో పెట్టుకుని మేడమెట్ల మీద కూర్చుంది. సైరన్ మోగలేదు. నీళ్లు గీత దాటకపోయైనా ఉండాలి, మంత్రిగారు ఫోన్ ఎత్తకపోయైనా ఉండాలి. లేదా ఇంకోటి. పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది, ఆయన నిలబడే నిద్రపోగలడు. ఆమె ఎన్నిసార్లు చేసినా ఆయన ఫోన్ తీయడం లేదు.

మీలో ఎవరైనా అటువైపు వెళ్తుంటే, వంతెన మీద గొడుగు కింద రెండో ప్రాసెసర్ మెలకువగా ఉన్నాడో లేదో ఒక్కసారి చూడండి. ఉంటే, అన్నం తిన్నాడో లేదో కూడా అడగండి.